పొయ్యి దగ్గుతోంది

"ఇదే వదినా. చూసుకో. చూశాక ఇంటికెళ్లి అన్నయ్యతో కలిసి భోంచెయ్."

మేజర్ తెల్లటి ట్రేని టేబుల్ మీద ఆమె ముందుకి నెట్టాడు. అందులో బెత్తెడు పొడవున్న లోహపు ప్లేటు ఉంది. విరిగిన ఎముకని పట్టి ఉంచడానికి డాక్టర్లు లోపల బిగించే రకం. పొడవునా స్క్రూ రంధ్రాలు. పక్కనే ఒక సీసాలో తెల్లగా కాలిన ఎముక ముక్కలు.

ఆమె దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు ట్రేకి తగిలేంతగా వంగి చూసింది.

"దీన్ని కడిగారా?"

"లేదు. దొరికింది దొరికినట్టే ఉంది."

"తుడవడం, బ్రష్ పెట్టడం?"

"వదినా! సాక్ష్యం ఎలా భద్రం చెయ్యాలో నాకు నువ్వు నేర్పక్కర్లేదు."

"కోప్పడకు. కడగలేదన్నావు చూడు, నాక్కావలసింది అదే."

మేజర్ మొహం చిట్లించాడు. అతను మిలటరీ పోలీసు విభాగంలో దర్యాప్తు అధికారి. ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఆమె ప్రైవేట్ డిటెక్టివ్. అంతకుముందు చాలా ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున తగలబడిన గోడౌన్లలో తిరిగింది. కాలిన దాన్ని చూసి అది ఎలా కాలిందో, ఎవరు కాల్చారో చెప్పేది. ఆ రోజుల్లోనే ఆమెకి 'బూడిదమ్మ' అన్న పేరు స్థిరపడింది. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలెట్టారు. ఆమెకీ అభ్యంతరం లేదు. వదినా మరుదులకి ఇంట్లో ఎంత చనువో, కేసు దగ్గరికొచ్చేసరికి అంత వైరం. ఒకరినొకరు ఉతికి ఆరేస్తారు.

ఈసారి కేసు క్యాంపులోని చెత్త ప్లాంటుది. వంటశాల మిగుళ్లు, అట్టపెట్టెలు, చెక్క పెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు, క్యాంపులో పోగయ్యే చెత్తంతా అక్కడికే వస్తుంది. ష్రెడ్డర్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని ఆరబెట్టి గట్టి బిళ్లలుగా నొక్కుతారు. బిళ్లల్ని, గాలి సరిపడా తగలనివ్వకుండా, రెండంతస్తుల ఎత్తున్న ఉక్కు పొయ్యిలో వేస్తే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుతో జనరేటర్ తిరిగి క్యాంపుకి కరెంటు ఇస్తుంది. ప్లాంటు రాకముందు కరెంటంతా డీజిల్‌తోనే. డీజిల్ ట్యాంకర్ల కోసం శత్రువులు దారిలో కాపు కాసేవాళ్లు. ట్యాంకరుతో పాటు మనుషులూ పోయేవాళ్లు. అందుకే ఆ ప్లాంటంటే క్యాంపులో అందరికీ ప్రాణం.

మూడు రోజుల క్రితం ప్లాంటు ఇంజనీరు మాయమయ్యాడు. లోపలికి వెళ్లడం చూశారు, బయటికి రావడం ఎవరూ చూడలేదు. మర్నాడు పొయ్యి కింద బూడిద తొట్టిలో ఈ ప్లేటు దొరికింది. ఇంజనీరుకి వెనకెప్పుడో యాక్సిడెంటులో కాలు విరిగిందనీ, లోపల ప్లేటు వేశారనీ క్యాంపు ఆస్పత్రిలో అందరికీ తెలుసు. పైగా ముందురోజే ష్రెడ్డర్ ఆపరేటర్‌తో అతనికి పెద్ద గొడవ జరిగింది. మేజర్ ప్లాంటు ఆపించి సీళ్లు వేసి, ఆపరేటర్‌ని లోపలేశాడు. ఇంజనీరు భార్య క్యాంపు బడిలో టీచరు. ఆవిడ వెళ్లి కమాండర్ కాళ్లావేళ్లా పడి, బయటి మనిషి చేత ఒక్కసారి చూపించమని అడిగింది. కమాండర్ సరేనన్నాడు గానీ, మధ్యాహ్నం దాకానే గడువిచ్చాడు.

"మధ్యాహ్నం ఏం జరుగుతుంది?" అడిగింది బూడిదమ్మ.

"ఆపరేటర్‌ని హెడ్‌క్వార్టర్స్‌కి పంపిస్తాం. ప్లాంటు మళ్లీ మొదలెడతాం. పొద్దున్నే సీళ్లు తీయించేశాను."

"అప్పుడే?"

"అప్పుడేంటి వదినా? జనరేటర్లకి డీజిల్ అయిపోవస్తోంది. ఆస్పత్రిలో ఆపరేషన్లు వాయిదా వేస్తున్నారు."

"సరే. ముందు మీ హంతకుణ్ణి చూపించు."

*

ఆపరేటర్‌ని క్యాంపులో అందరూ 'లౌడ్‌స్పీకర్' అంటారు. మిషన్ హోరులో పనిచేసీ చేసీ, పక్కన కూర్చున్నవాళ్లతో కూడా మైదానానికి ఆ చివరనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"'నిన్ను మిషన్లో వేసి నమిలించేస్తా' అన్నావట?" అడిగింది బూడిదమ్మ కుర్చీ లాక్కుంటూ.

"అన్నాను మేడమ్. ఆయన్నే కాదు, వంటమాస్టర్ని అన్నాను, లారీ డ్రైవర్ని అన్నాను. మా బావమరిదిని వారానికోసారి అంటాను. నేనన్నవన్నీ చేసేవాణ్ణయితే ఈపాటికి ఈ క్యాంపులో చీపురు పట్టేవాడు కూడా మిగలడు!"

గోడకి ఆనుకుని నిలబడ్డ మేజర్ "మెల్లిగా మాట్లాడు" అని కసిరాడు.

"ఇదే మెల్లిగా సార్!"

బూడిదమ్మ నవ్వు ఆపుకుంది. "గొడవ దేనికి?"

"మిషన్ ఆపమన్నారు. పైనుంచి ఆర్డరుందా అన్నాను. లేదు, నా మాట మీద ఆపు అన్నారు. మీ మాట మీద ఆపితే రేపు నా ఉద్యోగం ఎవరి మాట మీద నిలబడుతుంది అన్నాను. ఆయన నన్ను వెధవ అన్నారు. నేను మిషన్లో వేస్తానన్నాను. అంతే."

"ఎందుకు ఆపమన్నారు?"

"పొయ్యి దగ్గుతోందని."

"దగ్గడమేమిటి?"

లౌడ్‌స్పీకర్ కుర్చీలో సర్దుకున్నాడు. "మామూలుగా పొయ్యి గురక పెడుతుంది మేడమ్. ఒకటే తీరు. పక్కన నిద్రపోవచ్చు. ఈమధ్య ఉన్నట్టుండి 'ధబ్' మంటోంది. కాసేపటికి మళ్లీ 'ధబ్'. దగ్గినప్పుడల్లా మంట ఎగదన్ని, మీటరు ముల్లు పైకి లేచి పడుతోంది. ఇంజనీరుగారు కమాండర్‌గారి దగ్గరికెళ్లి, రెండు రోజులు ఆపి చూద్దామన్నారట. కారణం చూపించు, అప్పుడు ఆపుదాం అన్నారట ఆయన. ఆపకుండా కారణం ఎలా చూపిస్తారు? మా ఇంజనీరుగారు తల పట్టుకుని తిరిగారు."

"తడి చెత్త వేస్తే అలాగే ఉంటుంది," అన్నాడు మేజర్.

"తడి చెత్త వేస్తే మంట తగ్గుతుంది మరిదిగారూ, ఎగదన్నదు," అంది బూడిదమ్మ అటు చూడకుండానే.

ఆమె లేవబోతుంటే లౌడ్‌స్పీకర్ గొంతు మొదటిసారి తగ్గింది. "మేడమ్, మా అమ్మకి ఇంకా తెలీదు. ట్రైనింగ్ మీద వెళ్లానని చెప్పించాను. మధ్యాహ్నం నన్ను తీసుకెళ్తే ఎలాగూ తెలిసిపోతుంది. ఆలోగా ఏమైనా అవుతుందా?"

ఆమె గడియారం చూసుకుంది. గబగబా బయటికి నడిచింది.

*

ష్రెడ్డర్ నోట్లోకి ఆమె టార్చి వేసింది. రెండు లావుపాటి ఇరుసులు, వాటి నిండా కొక్కేల్లాంటి ఉక్కు పళ్లు. ఒక పన్ను అంచుని వేలితో తడిమింది.

"చెత్తలోంచి ఇనుము ముందే ఏరేస్తారా?"

"పైన పెద్ద అయస్కాంతం ఉంది," అన్నాడు మేజర్. "అదీ చూశాను. ప్లేటు అయస్కాంతానికి అంటుకునే రకం ఉక్కు కాదు. అందుకే తప్పించుకుని లోపలికి పోయింది."

"బాగుంది. ఒళ్లు దాచుకోకుండా పనిచేశావు. ఇప్పుడు బూడిద చూపించు."

బూడిద తొట్టి పొయ్యి అడుగున ఉంది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, జల్లెడ తెప్పించుకుంది. బూడిద జల్లించడం మొదలెట్టింది. మేజర్ కాసేపు గడియారం చూశాడు, కాసేపు పైకప్పు చూశాడు. ఆమె తలకి, భుజాలకి బూడిద పట్టింది. గాజు ముద్దలు, కరిగి గట్టిపడిన చిట్టెం, సీసా మూతలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది.

"ఏం వెతుకుతున్నావో చెప్తే నేనూ ఓ చెయ్యి వేస్తాను."

"నీ ప్లేటుకి తోబుట్టువుని."

ఇంకాసేపటికి ఆమె జల్లెడలోంచి నల్లటి వస్తువొకటి పైకి తీసింది. ఊదింది. చొక్కా జేబుకి పెట్టుకునే క్లిప్పులా వంకర్లు తిరిగిన లోహపు ముక్క.

"ఏంటది?"

"చెంచా. మీ క్యాంటీన్ చెంచా. ఎవరో ఎంగిలి పళ్లెంతో పాటు చెత్తలో పడేశారు. ఇదీ అయస్కాంతానికి అంటుకోదు. ట్రే తీసుకురా."

ట్రే వచ్చింది. ఆమె చెంచాని ప్లేటు పక్కన పెట్టింది. చెంచా మెలికలు తిరిగి, తోక దగ్గర చీలి ఉంది. ఒంటినిండా ష్రెడ్డర్ పళ్ల గాట్లు. రంగు కాటుకలా మారి, చిట్టెం కరిగి అతుక్కుంది. ప్లేటు మాత్రం సరళరేఖలా తిన్నగా ఉంది. బూడిద అంటుకుంది గానీ దాని కింద లోహం ఇంకా మెరుస్తోంది.

"రెండూ ఒకే దారిలో వచ్చాయంటున్నావు," అంది బూడిదమ్మ. "ఒకటే నోరు నమిలింది, ఒకటే పొయ్యి కాల్చింది. మరి ఇది ఇలా, అది అలా ఎందుకున్నాయి?"

మేజర్ వంగాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ప్లేటు గట్టిది. చెంచా పల్చనిది," అన్నాడు చివరికి.

"గట్టిదైతే వంగకపోవచ్చు. గీత కూడా పడదా? కొలిమిలో పెట్టిన ఉక్కు రంగు మారదా? స్క్రూ రంధ్రాల్లో చూడు. చిట్టెం చుక్క కూడా లేదు. ఉత్త పొడి బూడిద. ఊదితే పోతుంది. ఈ ప్లేటు మిషన్ మొహం చూడలేదు, పొయ్యి మొహమూ చూడలేదు. ఎవరో తెచ్చి తిన్నగా ఈ తొట్టిలో పెట్టారు."

"ఎముకలు?"

"వంటశాలవి. కావాలంటే డాక్టర్ని అడుగు, మనిషి ఎముకకీ మేక ఎముకకీ తేడా చెప్తాడు."

"అడిగాను. ఇంత చిన్న ముక్కల్లో చెప్పలేమన్నాడు."

"చెప్పలేమంటే మనిషివేనని నువ్వు రాసుకున్నావు."

మేజర్ మెడ ఎర్రబడింది. "అంటే ఏంటి నీ ఉద్దేశం? వాడి కాల్లోంచి ప్లేటు కోసి తీసి ఇక్కడ పెట్టారా? అది మరీ ఘోరం."

"అదే నాకూ అర్థం కావట్లేదు. టీచర్ ఎక్కడుంది?"

*

టీచర్ పై అంతస్తులో, భర్త ఆఫీసు గదిలో ఉంది. గది అద్దాల్లోంచి కింద ప్లాంటంతా కనిపిస్తుంది. ఆవిడ కూర్చోలేదు. బూడిద కొట్టుకుపోయిన డిటెక్టివ్‌ని చూసి కంగారుగా తన చేతిగుడ్డ అందించింది.

బూడిదమ్మ మొహం తుడుచుకుంటూ అడిగింది. "టీచర్‌గారూ, ప్లేటు చూపించినప్పుడు మీవారిదేనన్నారట?"

"అవును."

"అది ఆయన కాల్లో ఉండగా మీరెలా చూశారు?"

టీచర్ అద్దాల వైపు తిరిగింది.

"లోపలున్న ప్లేటుని ఎక్స్‌రేలో చూడగలరు, చేత్తో పట్టుకుని గుర్తుపట్టలేరు. మీరు మాత్రం చూడగానే తేల్చేశారు. అది బయటికొచ్చి చాలాకాలమైంది కదమ్మా?"

మేజర్ ఒక్క అడుగు ముందుకేశాడు. బూడిదమ్మ చేత్తో ఆగమంది.

"ఇంకో సంగతి కూడా చెప్తాను. మీరు నన్ను పిలిపించింది మీవారిని వెతకడానికి కాదు. ఆయన బతికే ఉన్నాడని మీకు తెలుసు. లోపలున్న ఆ కుర్రాణ్ణి ఎలా బయటికి తేవాలో తెలియక పిలిపించారు. మీరు చెప్తే మీవారు దొరికిపోతారు. చెప్పకపోతే వాడు బలైపోతాడు. అందుకని నేను కనిపెడితే బాగుండునని మీరు మూడు రోజులుగా నిద్ర మానుకుని కూర్చున్నారు. అవునా?"

టీచర్ కుర్చీలో కూలబడింది. వచ్చిన ఏడుపుని అరచేత్తో అదిమిపట్టింది.

"కిందటి సెలవుల్లో బయటి ఆస్పత్రిలో తీయించుకున్నారు మేడమ్. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో డ్రాయర్లో పడుండేది. ఆయన్ని నేను వద్దన్నాను. వినలేదు. 'ఎంత మొత్తుకున్నా ప్లాంటు ఆపట్లేదు. మనిషి పడ్డాడంటే మాత్రం సీలు వెయ్యక తప్పదు' అన్నారు. బూడిద మోసే లారీలో వెళ్లిపోయారు."

"ఎక్కడికి?" మేజర్ గద్దించాడు.

"ఊళ్లో ఆయన స్నేహితుడి ల్యాబ్ ఉంది. కొన్ని బిళ్లలు పట్టుకెళ్లారు. వాటిలో ఏదో ఉంది, పరీక్ష చేయిస్తే తెలుస్తుందన్నారు. దర్యాప్తు తేలేసరికి వారం పడుతుంది, ఈలోగా వచ్చేస్తానన్నారు." ఆవిడ మేజర్ వైపు చూసింది. "మీరు మూడు రోజుల్లో తేల్చేస్తారని ఆయన అనుకోలేదండీ. ఆపరేటర్‌ని పట్టుకుంటారని అసలే అనుకోలేదు. అతను పొద్దస్తమానం ఎవరినో ఒకరిని చంపేస్తానంటాడని అందరికీ తెలిసిందే కదా!"

మేజర్ నోరు తెరిచేలోగా గది అద్దాలు సన్నగా అదిరాయి. కింద ఏదో పెద్ద ఫ్యాను తిరగడం మొదలైంది.

"ఏమిటది?" అంది బూడిదమ్మ.

టీచర్ మొహం పాలిపోయింది. "బ్లోయర్. పొయ్యి రాజేస్తున్నారు."

మేజర్ తలుపు తోసుకుని రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు. "ఆపండి! ఆపండ్రా!" అని అతను వేసిన కేక లౌడ్‌స్పీకర్‌కి కూడా సిగ్గు తెప్పించేలా ఉంది. బ్లోయర్ హోరు క్రమంగా తగ్గి ఆగిపోయింది. పొయ్యి మూత దగ్గర పార పట్టుకున్న సిపాయి అలాగే నిలబడిపోయాడు. పార నిండా బిళ్లలు.

"ఒక్క పార అయినా పడిందా?"

"లేదు సార్. ఇదే మొదటిది."

బూడిదమ్మ ఆయాసపడుతూ వచ్చేసరికి మేజర్ ఒక బిళ్లని నేలమీద పెట్టాడు. సుత్తి కోసం చెయ్యి చాచాడు.

"సుత్తి వద్దు," అంది ఆమె. "చేత్తో విరుచు."

అతను ఆమె మొహంలోకి చూసి, సుత్తి పక్కన పెట్టి, బిళ్లని రెండు చేతులా పట్టి విరిచాడు. చెక్క పొట్టు, కాగితం, ప్లాస్టిక్ తునకలు. వాటి మధ్య గోధుమరంగు సన్నటి పుల్లలు, మధ్యలో బెజ్జమున్నవి. అతను ఒక పుల్లని వేళ్ల మధ్య తిప్పి చూసి, మెల్లిగా కింద పెట్టాడు.

"ఏమిటది?"

"మందు," అన్నాడు మేజర్.

పార పట్టుకున్న సిపాయి అమాయకంగా "ఏ మందు సార్?" అన్నాడు.

"నువ్వు తాగేది కాదు. ఫిరంగిలోంచి షెల్‌ని దూరంగా విసిరేది. ఆ పార మెల్లిగా కింద పెట్టి బయటికి నడు. ఎవరూ అగ్గిపుల్ల గియ్యకండి." మేజర్ లేచి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "వదినా, ఇది మా ఆయుధాల స్టోర్‌దే. గడువు తీరిన మందుని దూరంగా మైదానానికి తీసుకెళ్లి, రోజంతా నిలబడి కాల్చాలి. ఎవడో బద్ధకస్తుడు పెట్టెలతో పాటు చెత్తలోకి తోసేశాడు. పొయ్యి దగ్గడమంటే ఇదే."

"ఎక్కువ పడుంటే?"

"పొయ్యి ఉండేది కాదు. మనమూ ఉండేవాళ్లం కాదు." అతను బిళ్ల ముక్కల్ని జాగ్రత్తగా పక్కకి జరిపాడు. "ఆపరేటర్‌ని వదిలెయ్యమని ఇప్పుడే చెప్తాను. నా వల్ల వాడు రెండు రోజులు..." మాట పూర్తి చెయ్యలేదు. గోడ వారగా పేర్చిన బస్తాల వైపు చూసి ఆగిపోయాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి.

"ఏమైంది?"

"పొద్దున సీలు తీశాక బిళ్లలు ఊరికే పడున్నాయని, ఆస్పత్రి బాయిలర్‌కి ఒక లారీ పంపించమన్నాను. నేనే."

జేబులోంచి ఫోన్ లాగాడు. ఆస్పత్రి నంబరు కలిపి, స్పీకర్ నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. టీచర్ మెట్ల దగ్గరే నిలబడి చూస్తోంది. ఈసారి ఎత్తారు.

"బాయిలర్ రూమ్."

"మేజర్ని మాట్లాడుతున్నాను. పొద్దున వచ్చిన బిళ్లలు వేశావా?"

"ఎక్కడ వేయనిచ్చారు సార్!" అటునుంచి విసుగ్గా వినబడింది. "ఎవరో పెద్దమనిషి వచ్చి బస్తాల మీద బైఠాయించాడు. లేవమంటే లేవడు. సెక్యూరిటీని పిలుస్తానంటే, తప్పకుండా పిలువు, నాకూ వాళ్లే కావాలంటాడు. పిచ్చివాడో ఏమో తెలీట్లేదు."

టీచర్ రెయిలింగ్ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియనట్టుంది.

"ఫోన్ ఆయనకివ్వు," అన్నాడు మేజర్.

కాసేపు గరగర. తర్వాత అలసిపోయిన గొంతు.

"మేజర్‌గారూ, క్యాంపుకి తిరిగొస్తుంటే ఈ బస్తాల లారీ కనబడి వెంటే వచ్చాను. నా మీద ఎన్ని కేసులైనా పెట్టుకోండి, కాదనను. ముందు ప్లాంటు ఆపండి."

"ఆపేశాం. బిళ్ల విరిచి చూశాం. మా స్టోర్‌లోంచి గడువు తీరిన మందు వచ్చింది. ఆ వెధవ ఎవడో సాయంత్రానికల్లా పట్టుకుంటాను."

"గడువు తీరిందని ఎవరన్నారు?"

మేజర్ నుదురు ముడిపడింది. "కాక?"

"నేనూ అలాగే అనుకున్నాను. ల్యాబ్‌లో నమ్మలేక రెండోసారి కూడా పరీక్ష చేయించాను. అందుకే ఆలస్యమైంది. మందు పాతబడితే దాన్లో కొన్ని మార్పులు వస్తాయట. ఇందులో ఒక్కటీ లేదు. ఇది సరికొత్త మందు సార్. పారెయ్యాల్సిన మందు కాదు, షెల్స్‌లో ఉండాల్సిన మందు."

బూడిదమ్మ ఫోన్ దగ్గరికి వంగింది.

"అయితే ఎవరో కొత్త షెల్స్ విప్పి, లోపలి మందు మీ చెత్తలో కలుపుతున్నారు. పొయ్యిలో పడితే ఆనవాలు కూడా మిగలదని."

"అవునండీ. మీరెవరో నాకు తెలీదు గానీ, నా అనుమానమూ అదే. ఖాళీ షెల్స్‌ని మళ్లీ మూసి, ఎప్పట్లాగే పెట్టెల్లో సర్దేసి ఉంటారు. పేల్చబోతే ఒక్కటీ ఫిరంగి దాటదు."

"మరిదీ," అంది బూడిదమ్మ. "ఆ షెల్స్ ఇప్పుడు స్టోర్‌లోనే ఉన్నాయా?"

మేజర్ తలుపు అవతల ఖాళీగా ఉన్న రోడ్డు వైపు చూశాడు.

"లేవు వదినా. ఇవాళ తెల్లారుతూనే లారీలకెత్తి, శత్రువుకి ఎదురుగా ముందు వరస పోస్టుల్లో ఉన్న మావాళ్లకి పంపేశాం. రేపు వాళ్ల మీద దాడి జరగొచ్చని కబురొచ్చింది."